పట్టాల వెడల్పు – ప్రోగ్రాముల చట్రం

మీరెప్పుడైనా తెనాలి జంక్షన్‌లో నిలబడి రైళ్ళను చూశారా? అక్కడి నుంచి విజయవాడకూ, గుంటూరుకూ, బాపట్లకూ, రేపల్లెకూ దారులు చీలుతాయి. దారులు నాలుగైనా పట్టాల మధ్య దూరం ఒక్కటే – 1,676 మిల్లీమీటర్లు. దీన్ని బ్రాడ్‌గేజి అంటారు. కనుకనే బాపట్ల వైపు నుంచి వచ్చిన పెట్టె తెనాలిలో దారి మారి రేపల్లెకు పోగలదు.

గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే దారి ఒకప్పుడు మీటర్‌గేజి. అక్కడ పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లే. తెనాలి నుంచి వచ్చిన పెట్టె ఆ పట్టాల మీద నడవదు. గేజి మారిన చోట బస్తాలన్నీ దింపి మరో పెట్టెలోకి ఎక్కించవలసిందే! 1992లో మన రైల్వేవారు దేశంలోని చాలా దారులను ఒకే గేజికి మార్చే పని చేపట్టారు. గుంతకల్లు దారి కూడా ఇప్పుడు బ్రాడ్‌గేజే.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికీ ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. రేపల్లెలో ఒక బడి గ్రంథాలయానికి ప్రోగ్రాము కావాలనుకోండి. అది పేరూ పాస్‌వర్డూ అడగాలి, పుస్తకాల వివరాలు భద్రపరచాలి, అడిగినప్పుడు వెతికి చూపాలి. ఇవి ఎన్నో ప్రోగ్రాములకు అవసరమైన పనులే. వీటిని ముందుగానే అమర్చి ఇచ్చే చట్రాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. అప్పుడు మన గ్రంథాలయానికి ప్రత్యేకమైన భాగం మాత్రం మనం రాసుకుంటే చాలు.

‘ఆ చట్రాన్ని కూడా నేనే తయారుచేస్తాను’ అని ఒక నేర్పరి ముందుకు వచ్చాడనుకుందాం. ప్రోగ్రాము చక్కగానే నడుస్తుంది. రెండేళ్ళకు అతను ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏదైనా చెడితే బాగుచేసేదెవరు? దాని లోగుట్టు అతనొక్కడికే తెలుసు. అందరూ వాడే చట్రమైతే, అది నేర్చుకున్నవారు బాపట్లలో ఉన్నా పని అందుకోగలరు.

ఇంకో లాభం భద్రత. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్లు దాచదు. తిరిగి చదవడానికి వీలులేని రూపంలోకి మార్చి దాస్తుంది. సొంతంగా రాసేవారు ఈ జాగ్రత్త మరిచిపోవచ్చు. పైగా అందరి చట్రంలో లోపం బయటపడితే, సవరణ కూడా అందరికీ అందుతుంది. ఆ సవరణను ఎప్పటికప్పుడు చేర్చుకోవడం మాత్రం మన బాధ్యతే.

ఒక విశేషం చూడండి. ఈ జాంగో 2003లో అమెరికాలోని లారెన్స్ పట్టణంలో ఒక దినపత్రిక అవసరం కోసం పుట్టింది. 2005లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. అంటే ఒకరి సొంత చట్రమే, పదిమందీ వాడి సరిదిద్దగా, అందరి చట్రమైంది!

మరి సొంత చట్రం ఎప్పుడూ తప్పేనా? కాదు. ఊటీ కొండ రైలు నేటికీ మీటర్‌గేజిమీదే నడుస్తోంది. ఏటవాలు ఎక్కువైన చోట దానికి పళ్ళున్న మూడో పట్టా కూడా ఉంది. ఆ కొండ అవసరం అలాంటిది. మీ పని అటువంటి కొండా, లేక తెనాలి–రేపల్లె వంటి చదునైన నేలా అన్నది ముందు తేల్చుకోవాలి.

మీరే చేసి చూడండి: ఒక కొత్త ఆట కనిపెట్టి, నియమాలు కాగితంమీద రాసి స్నేహితునికివ్వండి. మీరు పక్కన లేకుండా అతను ఆడగలిగాడా? ఏ చట్రానికైనా అదే పరీక్ష.