పక్క సీటుకు చెప్పగలిగితే అదే కొలువు

2021 నవంబరులో హైదరాబాద్‌లోని మహేష్ బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు (ఫిషింగ్) మెయిళ్లు వచ్చాయి. తెరిచింది ఇద్దరు. ఆ దారినే దొంగలు లోపలికి చొరబడి, 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా దోచేశారని పోలీసు దర్యాప్తులో తేలింది. సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ధూళిమిట్ట లాంటి పల్లెల్లో ఉండి డిగ్రీ చదువుతూ సైబర్ సెక్యూరిటీ కొలువు వైపు చూస్తున్నవాళ్లు ఈ కేసును శ్రద్ధగా చదవాలి. బ్యాంకు సాంకేతిక ఏర్పాట్లలో లోపాలున్న మాట నిజమే. అయినా ‘ఈ మెయిల్ తేడాగా ఉంది, తెరవకండి’ అన్న కబురు ఆ పూటే అన్ని సీట్లకూ చేరి ఉంటే నష్టం తప్పేదేమో. ఆ కబురు చేర్చే అలవాటును ఆఫీసులో నాటడమే సెక్యూరిటీ అవేర్‌నెస్ ఉద్యోగం. కోడింగ్‌లో దిట్ట కానివాళ్లకూ ఇందులో చోటుంది.

ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు పంపి సిబ్బందిని పరీక్షించడం, కొత్తగా చేరినవాళ్లకు నేర్పడం ఇందులో రోజువారీ పని. లింకు నొక్కినవాళ్లను నలుగురిలో నిలబెట్టి తిట్టే ఆఫీసులు ఉన్నాయి. అంతకన్నా చెడ్డ పద్ధతి లేదు. ఒకసారి తిట్లు తిన్న మనిషి రెండోసారి దాచేస్తాడు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమైన సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సైబర్ ఘటన బయటపడ్డ 6 గంటల్లో సంస్థ దానికి సమాచారం ఇవ్వాలి. ఉద్యోగి నోరు విప్పకపోతే సంస్థకు విషయమే తెలియదు.

నెట్‌వర్కింగ్, లినక్స్ మూలాలు నేర్చుకోండి. ఖరీదైన సర్టిఫికెట్లకు తొందర లేదు. కేంద్ర ప్రభుత్వ ఐ.ఎస్.ఇ.ఎ. కార్యక్రమం కింద అవగాహన పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సాధన ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైలు ఫోన్లో ఏం చేస్తుందో మీసేవ ఆపరేటరుకు, సహకార సంఘం గుమాస్తాకు పది నిమిషాల్లో తెలుగులో చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలనీ చెప్పండి. తర్వాత వాళ్లచేత తిరిగి చెప్పించుకోండి. వాళ్లు తడబడ్డ చోటే మీ పాఠాన్ని మార్చుకోవాలి. ఇదంతా రెజ్యూమెలో రాయదగ్గ అనుభవమే.

తప్పుడు లింకు నొక్కిన ఉద్యోగి మీ దగ్గరికి వస్తే ఏం చేస్తారని ఇంటర్వ్యూలో అడగొచ్చు. కంప్యూటరుకు నెట్ తీయించి, భద్రతా బృందానికి కబురు చేసి, మరో కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్పిస్తానని చెప్పండి. వెంటనే వచ్చి చెప్పినందుకు అతన్ని మెచ్చుకుంటానని కూడా చెప్పండి.