రాలు చుక్కలు, వాని రంగులు

వరికోతలు ముగిసి కుప్పలు వేసిన పిమ్మట, డిసెంబరు మాసపు రాత్రులలో కళ్లమునకు కావలి పండుకొను రైతులకు చుక్కలు రాలుట క్రొత్త విషయము కాదు. కొన్ని యేండ్ల క్రిందట మేమును అట్టి కళ్లమున ఒక రాత్రి గడపితిమి. వృద్ధుడైన రైతు ఒకరు మమ్మిట్లు అడిగిరి: "చుక్క రాలితే ఎవరో పోయినట్టేనని మా అమ్మ అనేది బాబూ. కనబడగానే కళ్లు దించుకోమనేది. అందుకే నేనెన్నడూ సరిగా చూడలేదు. మొన్న మాత్రం ఒకటి చిలకపచ్చగా పోయింది, దాని వెనుకనే ఇంకొకటి పసుపుగా. పైనున్న చుక్కలన్నీ తెల్లగానే ఉన్నాయి గదా, రాలేటప్పుడు ఈ రంగులెక్కడివి?"

ప్రశ్న చక్కనిది. అయితే ముందుగా ఆ తల్లి భయమును తీర్చవలసి యున్నది. రాలినది నిజముగా చుక్కయే అయినచో ఆకాశమున ఒక చుక్క తరుగవలెను. పిల్లలకోడిని మరునాడు చూడుడు, ఏడాది గడచిన తరువాత చూడుడు, ఒక్కటియు తగ్గి యుండదు. రాలునది నక్షత్రము కాదు, అది ఉల్క. చాలవరకు ఇసుక రేణువంతయో పెసరగింజంతయో ఉండు ధూళికణము మాత్రమే. ఎవరి చావు పుట్టుకలతోను దానికి సంబంధము లేదు.

ఈ ధూళి ఎక్కడిది? గోనెకు చిల్లుపడిన వడ్ల బండి పోయిన దారి పొడవునను గింజలు రాలి యుండును గదా. తోకచుక్కలును అట్లే సూర్యుని చుట్టును తిరుగుచు తమ దారి వెంబడి ధూళిని విడుచుచుండును. భూమి తన పయనములో ఏటేట ఒకే తావున ఆ దారిని దాటును. కావుననే ఉల్కాపాతము ప్రతి సంవత్సరము ఇంచుమించు అదే తేదీలకు వచ్చును. తిథులు మారును గాని తేదీ మారదు.

ఈ సంగతి సులభముగా తెలియలేదు. 1833 నవంబరు 13వ తేదీ తెల్లవారుజామున అమెరికాలో ఉల్కలు వాన వలె వేలకు వేలుగా రాలెను. ప్రళయమే వచ్చినదని జనులు మోకరిల్లి ప్రార్థనలు చేసిరి. యేల్ కళాశాలలో ఆచార్యుడైన డెనిసన్ ఓమ్‌స్టెడ్ మాత్రము, చూచినవారెల్ల తాము చూచినదానిని వ్రాసి పంపవలసినదని పత్రికల మూలమున కోరెను. ఆ వివరములను సరిపోల్చగా ఉల్కలన్నియు సింహరాశిలోని ఒక్క తావునుండియే వెలువడినట్లు కనబడెనని తేలినది. గట్టుపై నిలిచి చూచినపుడు నాగటి చాళ్లు దూరమున ఒక్కచోట కలసినట్లు తోచును గదా. ఒకే దిశగా సమాంతరముగా వచ్చు ఉల్కలును అట్లే తోచును. 1866లో ఇటలీ దేశీయుడైన షియాపరెల్లి, ఆగస్టు ఉల్కల దారియు 1862లో కనబడిన తోకచుక్క దారియు ఒక్కటేనని చూపెను.

మన రైతు చూచినవి డిసెంబరు 13, 14 తేదీల ప్రాంతమున వచ్చు మిథునరాశి ఉల్కలు. వీని మూలము 1983లో గాని బయటపడలేదు. అది తోకచుక్క కాక, ఫేథాన్ అను చిన్న గ్రహశకలమగుట వింత. అది బుధగ్రహము కన్నను మిక్కిలి చేరువగా సూర్యుని సమీపించి, సీసము కరుగునంతటి వేడికి గురియగుచుండును.

ఇక రంగుల మాట. మిథున ఉల్కలు సెకనుకు సుమారు 35 కిలోమీటర్ల వేగముతో వచ్చును. ఆ వేగముతో హైదరాబాదునుండి విజయవాడకు పోవుటకు ఎనిమిది సెకనులు చాలును. నూరు కిలోమీటర్ల ఎత్తున గాలి మిక్కిలి పలుచనిదే యైనను, ఇంతటి వేగమున దానిని ఢీకొనిన రేణువు భగ్గున వేడెక్కి ఆవిరియగును. ఇది కట్టె మండుట వంటిది కాదు. ఆవిరిలోని పరమాణువులు గాలిని తాకి ఉద్రేకించి, ఆ శక్తిని వెలుగుగా విడుచును. ఏ పదార్థమునకు ఆ పదార్థపు రంగులు వేరుగా కలవు.

దీనికి సాక్ష్యము మన పొయ్యిలోనే యున్నది. మంటలో చిటికెడు ఉప్పు చల్లినచో మంట పసుపుగా మారును. అది ఉప్పులోని సోడియము రంగు. మైలుతుత్తము నిప్పులో పడినచో ఆకుపచ్చని మంట లేచును. అది రాగి రంగు. (మైలుతుత్తము విషపదార్థము గనుక దీనిని ఎవరును ప్రయత్నింపరాదు.) దీపావళి బాణసంచాలో రంగులు పుట్టించునదియు ఈ కిటుకే.

ఉల్కలోని సోడియము పసుపు, నారింజ రంగులను, మెగ్నీషియము ఆకుపచ్చని వెలుగును, కాల్షియము ఊదారంగును ఇచ్చును. ఇనుము వెలుగు ఎక్కువగా పసుపువన్నె. దారిలోని గాలియు ఊరకుండదు; నత్రజని, ప్రాణవాయువులు ఎఱ్ఱని కాంతిని చేర్చును. సింహరాశి ఉల్కల వలె సెకనుకు 71 కిలోమీటర్ల వేగముతో వచ్చు వానిలో ప్రాణవాయువే ఆకుపచ్చగా వెలుగును. కావున రంగును చూచి ఇది ఫలానా లోహమని తొందరపడి తీర్పు చెప్పరాదు. వెలుగును పట్టకముతో విడదీసి చూచిననే నిజము తేలును. అట్లు చూడగా మిథున ఉల్కలు అనేకములలో సోడియము తక్కువగా నున్నట్లు కనుగొనిరి. త్వరగా ఆవిరియగు పదార్థము గనుక, సూర్యుని వేడికి అది మునుపే చాలవరకు ఎగిరిపోయి యుండునని శాస్త్రజ్ఞుల తలంపు.

అయినను చాల ఉల్కలు మనకు తెల్లగానే కనబడును. లోపము వానిది కాదు, మన కంటిది. మసక వెలుగులో కన్ను రంగులను గుర్తింపజాలదు. మిక్కిలి ప్రకాశించిన వానియందే రంగు తెలియును.

చూడగోరువారికి దుర్భిణి అక్కరలేదు. జూలైలో వచ్చు పునర్వసు కార్తె మీరెరిగినదే. అప్పుడు సూర్యుడు పునర్వసు చెంతనే యుండుటచే ఆ చుక్కలు కనబడవు. డిసెంబరు నడుమకు సూర్యుడు వానికి ఎదుటి వైపునకు చేరును. కనుక అవి ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికి ఈశాన్యమున పొడిచి, రాత్రి రెండు గంటల వేళకు నడినెత్తికి వచ్చును. మిథున ఉల్కలు ఆ చుక్కల చెంతనుండి వెలువడినట్లుండును గాని, ఆకాశమున ఏ మూలనైనను కనబడవచ్చును. వెన్నెల లేని యేడు చాల మేలు. దీపమును, సెల్‌ఫోనును ప్రక్కన పెట్టి, అరగంటసేపు కన్నులను చీకటికి అలవాటు చేసికొని, గొంగడి కప్పుకొని వెల్లకిల పండుకొనిన చాలును.

ఆ రాత్రి మా రైతు కన్నులు దించుకొనలేదు. కోడికూయు వేళకు నలుబదిమూడు లెక్కపెట్టిరి. అందు నాలుగు పసుపువి, రెండు ఆకుపచ్చవి, తక్కినవన్నియు తెల్లనివే.