ఆరు నిమిషాల నడక

మా నాయనమ్మకి సీఓపీడీ. జన్మలో ఒక్క బీడీ కాల్చలేదు, కానీ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. పోయిన సెలవుల్లో ఆసుపత్రికి నేనే తీసుకెళ్లా. కుర్చీలో కూర్చోబెట్టి వేలికి ఆక్సీమీటర్ పెడితే 95. "చూశావా, నాకేం లేదురా" అంది. నేనూ నమ్మేశా.

తర్వాత కారిడార్‌లో ఆరు నిమిషాలు నడవమన్నారు. దీన్నే సిక్స్ మినిట్ వాక్ టెస్ట్ అంటారు. ఇదీ ఒక పరీక్షేనా అనిపించింది. 30 మీటర్ల చదునైన దారి, రెండు చివర్లా రెండు కోన్లు, ఒక స్టాప్‌వాచ్, అంతే. పరుగెత్తకూడదు, వీలైనంత దూరం నడవాలి. ఆయాసమొస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. పక్కవాళ్లు ఇష్టమొచ్చినట్టు హుషారు చేయకూడదు కూడా. నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారమ్మా, ఇంకా నాలుగు నిమిషాలుంది" లాంటి మాటలే, ఒకే గొంతుతో. ప్రోత్సాహం పెరిగితే దూరమూ పెరుగుతుందట. నేను "కమాన్ నాయనమ్మా" అని అరిచి చీవాట్లు తిన్నా.

నాలుగో నిమిషంలో ఆగిపోయింది. ఆక్సీమీటర్‌లో 84.

ఈ జబ్బులో గాలి పీల్చడం కంటే వదలడం కష్టం, ఎందుకంటే శ్వాసనాళాలు ఇరుకైపోతాయి. కూర్చున్నప్పుడు వదలడానికి టైం దొరుకుతుంది. నడిచేటప్పుడు ఊపిరి వేగం పెరిగి, పాత గాలి పూర్తిగా పోకముందే కొత్తది పీల్చాల్సి వస్తుంది. అలా లోపల గాలి పోగుపడి, ఇంక పీల్చడానికి చోటుండదు. ఖాళీగా ఉన్న సర్వర్‌ని చూసి సూపర్ అనుకున్నట్టే నేను ఆ 95ని నమ్మింది. లోడ్ పెడితే కదా తెలిసేది!

దీని మూలం 1968లో కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళం వాళ్ల ఫిట్‌నెస్ కోసం రాసిన 12 నిమిషాల పరుగు పరీక్ష. 1970ల్లో బ్రిటన్ డాక్టర్లు దాన్ని ఊపిరితిత్తుల రోగుల కోసం నడకగా మార్చారు. అదీ ఎక్కువేనని 1982లో ఆరు నిమిషాల నడకని పరీక్షించి చూస్తే సరిపోయింది.

నాయనమ్మ నడిచింది 210 మీటర్లు. డాక్టర్ గారు మందులతో పాటు వ్యాయామాలు కూడా రాశారు. రెండు నెలలయ్యాక మళ్లీ టెస్ట్. దాదాపు 30 మీటర్లు పెరిగితే నిజంగా మెరుగైనట్టు లెక్క. అంటే ఒక కోన్ నుంచి ఇంకో కోన్ దాకా.

ఆటోలో వస్తూ నాయనమ్మ అడిగింది, "మనింటి నుంచి రామాలయం ఎన్ని మీటర్లురా?"

మ్యాప్‌లో కొలిచా. 340.