పటం సైజు చూసి కెమెరా కొనండి

ప్రీవెడ్డింగ్ షూట్‌కని లంబసింగికో వంజంగికో వచ్చే జంటల్లో ‘ఓ నాలుగు ఫిలిం మీద తీస్తారా’ అని అడిగేవాళ్లు తగులుతున్నారు. జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి వైపు చిన్న స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలతో నెట్టుకొస్తున్నవాళ్లకు ఇది పైరాబడి. సంతోషమే. కాకపోతే ఆ ఉత్సాహంలో సెకండ్‌హ్యాండ్‌లో ఏది చవగ్గా దొరికితే అది కొనేస్తారు. కొన్నాక చాలా కెమెరాల్లో నెగిటివ్ ఆకారం మారదు. అందుకే లెక్క చివర్నుంచి మొదలుపెట్టండి: మీరు తీసిన ఫోటో ఏ సైజు పటంలోకి పోతుంది?

గోడకు పటం కట్టించేది ఎక్కువగా 8×10, 12×15, 12×18 అంగుళాల్లో. 120 రీలు వేసే ఏ కెమెరాకైనా నెగిటివ్ ఒక పక్క దాదాపు 56 మిల్లీమీటర్లే, రెండో పక్కే మారుతుంది. 6×7 (సెంటీమీటర్లలో) కెమెరాలో అది సుమారు 70. అంటే 8×10కీ 12×15కీ అచ్చంగా సరిపోతుంది, అంచులు కోసే పని లేదు. 6×9 నెగిటివ్ 12×18కి అతికినట్టు ఉంటుంది. 645లో, అంటే 6×4.5లో, రెండో పక్క 42, కాబట్టి 8×10కి కొసలు కాస్త పోతాయి. ఇక 6×6 నలుచదరం. దాన్ని 8×10కి కోస్తే మిగిలేది 56×45. 645 నెగిటివ్‌తో దాదాపు సమానం! పెద్ద నెగిటివ్ అని మురిసి కొన్నవాళ్లు ఈ సంగతి ప్రింటు దగ్గర గానీ తెలుసుకోరు.

తర్వాతది రీలు ఖర్చు. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ‘ఇందు’ పేరుతో మన దేశంలోనే రీళ్లు చేసేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మన చేతికొచ్చేది దిగుమతి సరుకు, ధర కూడా దానికి తగ్గట్టే. రీలు, కడిగింపు, స్కాన్, కొరియర్ అన్నీ కలిపి 2,000 రూపాయలు అనుకుందాం. 645లో 16 ఫోటోలొస్తాయి (కొన్ని కెమెరాల్లో 15), ఒక్కోటి 125 పడుతుంది. 6×6లో 12, ఒక్కోటి 167. 6×7లో 10, ఒక్కోటి 200. 6×9లో 8, ఒక్కోటి 250. కళ్లు మూసుకున్న పెళ్లికొడుకు ఖరీదు కూడా ఇంతే. అందుకని పెళ్లిపందిట్లో హడావిడిగా తీసే పనికి 6×9 జోలికి పోవద్దనే చెబుతాను.

ఇక మీ ముందు నిలబడేది ఏమిటో చూసుకోండి. థింసా ఆడేటప్పుడు ఆడవాళ్లు వెనకనుంచి చేతులు పెనవేసుకుని ఒకే వరుసలో కదులుతారు. ఆ బారును 6×6లో పట్టించాలంటే వెనక్కి జరగాలి. జరిగితే మనుషులు సన్నటి గీతలా మిగిలి, పైన ఆకాశం, కింద నేల ఫోటోను మింగేస్తాయి. దీనికి 6×9 కావాలి. అదే వరుస చుట్టు తిరిగి గుండ్రంగా అయినప్పుడు, పక్కన ఏ అరుగో డాబానో ఎక్కి చూస్తే, నలుచదరం దానికోసమే పుట్టిందా అనిపిస్తుంది. సిల్వర్ ఓక్ మాను మీద పాకిన మిరియం తీగ నిలువు బొమ్మ. ఆ చెట్ల మధ్యలో నిలబెట్టిన మనిషి ముఖం, భుజాలు 6×7లో బాగా కుదురుతాయి.

కెమెరాల మాటకొస్తే, స్టూడియోలో కూర్చోబెట్టి తీసేవాళ్లకు మామియా ఆర్‌బీ67 దిట్టమైనది. 1970లో వచ్చింది, బ్యాటరీతో పనిలేదు, వెనక డబ్బా తిప్పితే అడ్డం నిలువవుతుంది. బరువు మాత్రం లెన్సుతో కలిపి రెండున్నర కిలోలు దాటుతుంది. స్టాండుతో సహా దాన్ని మోసుకుని కొత్తపల్లి జలపాతం మెట్లు దిగి మళ్లీ ఎక్కాక మీరే చెప్పండి. బ్రోనికా ఈటీఆర్ఎస్ లాంటి 645 పెళ్లిళ్లకు అనువు. షట్టర్ లెన్సులోనే ఉండటం వల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా 1/500 దాకా ఫ్లాష్ కలుస్తుంది. మామియా 645 పాత మోడళ్లలో మామూలు లెన్సులతో 1/60 దాటితే కలవదు. కానీ రెంటికీ బ్యాటరీ కావాలి. పైనుంచి చూసే ఫైండరుతో నిలువు ఫోటో తీయడం నరకం, ప్రిజం ఉన్నదే కొనండి.

కొండల్లో నడిచి పనిచేసేవాళ్లకు మొదటి కెమెరాగా నా ఓటు యాషికా మ్యాట్ 124జి లాంటి రెండు లెన్సుల 6×6కే. ప్రింటులో పోయే అంచుల సంగతి తెలిసే చెబుతున్నాను. బరువు ఒక కిలోకి కాస్త ఎక్కువ. కెమెరాను పొట్ట దగ్గర పెట్టుకుని తల వంచి చూస్తారు కాబట్టి ఎదుటి మనిషి బిగుసుకుపోరు. నిలువా, అడ్డమా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. మీటరు మాత్రం నమ్మొద్దు. అది 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లుకు చేసింది, ఆ సెల్లు ఇప్పుడు రాదు. ఫోన్లో లైట్ మీటర్ యాప్ చాలు, పొగమంచులో అది చూపినదానికి ఒక స్టాప్ పెంచండి. చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద ఉంటాయి. దోసిట్లో కాఫీ పళ్లు పట్టుకున్న చేతుల్ని మీటరు దూరం నుంచి తీస్తే, ఫైండర్లో నిండుగా కనిపించినవి నెగిటివ్‌లో పైకి జరిగి వేళ్లు తెగుతాయి. చూసుకున్నాక ఆ రెండు లెన్సుల మధ్య దూరమంత కెమెరాను పైకెత్తి అప్పుడు నొక్కండి.

పాతది కొనేటప్పుడు షట్టరును ‘బి’లో తెరిచిపెట్టి సెల్‌ఫోన్ టార్చి లెన్సులోంచి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. ఒక సెకను స్పీడు మీద పెట్టి నొక్కి వినండి. ఇంట్లో బాగానే పలికే షట్టరు డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మొరాయిస్తుంది. లోపలి పాత నూనె చలికి గట్టిపడుతుంది. జి.మాడుగులలో ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగే రోజులుంటాయి కనుక, కొన్నాక ఆ చలిలోనే ఓ రీలు పరీక్షకు తీయండి. వానాకాలం తోలు కేసులో దాచొద్దు, ఫంగస్‌కు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు సరిపోతాయి. రీలు నీడలోనే ఎక్కించండి, తీశాక చివరి కాగితం వదులుగా లేకుండా లాగి అంటించండి.

డిజిటల్ మానొద్దు. ప్యాకేజీలో ఒకటో రెండో రీళ్లు అని రాసి, రీలు డబ్బులు అడ్వాన్సులోనే తీసుకోండి. దారిలో సంతకు వచ్చినవాళ్లనో పొలంలో ఉన్నవాళ్లనో జంట వెనక నిలబెట్టాలనిపిస్తే ముందు అడగండి, వాళ్లకూ ఒక ప్రింటు ఖర్చు బిల్లులో వేయండి. ఫిలిం ఫోటోలు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద రాసివ్వండి. రాసిచ్చినా సరే, మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో ‘అన్నా, ఫిలిం ఫోటోలు?’ అని మెసేజ్ వస్తుంది.