ఆచారం తరిగిపోతున్నదా?

“వెనుకటి భక్తి ఇప్పుడెక్కడ?” అని పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. పండుగనాడు గుడి ముందర జనం కిక్కిరిసి ఉండడం కూడా చూసే ఉంటారు. ఈ రెండింటిలో ఏది నిజం? ఆధునిక సమాజంలో మతాచరణ తగ్గుతున్నదా? జవాబు చెప్పేముందు మనం దేనిని లెక్కిస్తున్నామో తెలుసుకోవాలి.

ఫలానా మతానికి చెందినవారమని చెప్పుకోవడం ఒకటి. దేవుణ్ణి నమ్మడం మరొకటి. పూజ, నమాజు, ప్రార్థన వంటివి ఆచరించడం వేరొకటి. ఈ మూడింటిలో ఒకటి తగ్గితే తక్కినవి కూడా అంతే తగ్గుతాయని చెప్పలేము.

ఇంగ్లండు, వేల్సుల జనాభా లెక్కలు చూడండి. 2001లో నూటికి దాదాపు 72 మంది తాము క్రైస్తవులమన్నారు. 2021 నాటికి వారి సంఖ్య 46కు తగ్గింది. ఏ మతమూ లేదన్నవారు 15 నుండి 37కు పెరిగారు. మన దేశంలో పరిస్థితి వేరు. ప్యూ పరిశోధన కేంద్రం 2019-20లో జరిపిన సర్వేలో నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. ప్రతిదినం ప్రార్థన చేస్తామన్నవారు 60 మంది. నమ్మకానికీ నిత్యాచరణకూ నడుమ ఎడం ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే ఒక్కసారి తీసిన లెక్కను బట్టి ఆచరణ తగ్గిందనలేము.

ఒక ఆచారం ఎలా నిలుస్తుందో తెలియాలంటే దానిని నిలిపే మనుషులను చూడాలి. తమిళనాడులోని తంజావూరు జిల్లాలో మెలట్టూరు అనే గ్రామం ఉన్నది. నాయకరాజు అచ్యుతప్ప ఈ ఊరిని కళాకారుల కుటుంబాలకు దానమిచ్చాడని ప్రతీతి. ఏటా నృసింహ జయంతి వేళ అక్కడి వరదరాజస్వామి గుడి ఎదుట తెలుగులో భాగవత మేళ నాటకాలు ఆడతారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ వాటిలో ముఖ్యమైనది. స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరిస్తారు. నరసింహస్వామి ముఖతొడుగుకు పూజ చేస్తారు. ఆ వేషం కట్టేవారు ఉపవాసం ఉంటారు. కనుక ఈ నాటకం వారికి ఆరాధన కూడా.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం ఎన్నో కుటుంబాలు పట్నాలకు తరలిపోయాయి. చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో మేళం ఆగిపోయింది. మెలట్టూరులో కూడా నడుమ సన్నగిల్లి మళ్లీ పుంజుకున్నది. పట్నాలలో ఉద్యోగాలు చేసుకునేవారు జయంతికి సెలవు పెట్టి వచ్చి వేషం కడుతున్నారు. ఊరిలో కాపురాలు తగ్గినా ఆచారం నిలిచింది. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవడమే అందుకు కారణం.

ఇక్కడ ఇంకొక సంగతి ఆలోచించాలి. నాటకం తెలుగులో సాగుతుంది. చూసేవారిలో ఎక్కువమంది తమిళులు. కథ అందరికీ తెలిసినదే కనుక భక్తికి లోటు రాదు. కాని ప్రహ్లాదుడు తండ్రికి చెప్పే జవాబులోని పదును మాటలలో ఉన్నది. మాట తెలియకపోతే ఆచారం మిగులుతుంది, అర్థం జారిపోతుంది. ఆ తరుగుదల ఏ జనాభా లెక్కలోనూ కనిపించదు.

మీ ఇంట్లో పాడే మంగళహారతి గాని, చర్చిలో పాడే కీర్తన గాని తెలుగులో ఉండవచ్చు. దాని అర్థం పెద్దలనడిగి తెలుసుకోండి.

ప్రశ్నలు
1. నమ్మకానికీ ఆచరణకూ గల భేదమేమిటి?
2. మెలట్టూరులో భాగవత మేళం ఎలా నిలిచింది?
3. మీ ఊరిలో తగ్గిన ఆచారమొకటి, నిలిచిన ఆచారమొకటి పేర్కొని కారణాలు రాయండి.