సలహా కూడా అమానతే: ఒప్పందానికి ముందు ఎంత చెప్పాలి?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో మన యువకులు కొందరు దుకాణం లేకుండానే, తమకు తెలిసిన విద్యతో ఉపాధి పొందుతున్నారు. ఒకరు ఇంటి ప్లాన్లు గీస్తారు. ఒకరు గల్ఫ్ వెళ్లేవారి కాగితాలు చూసిపెడతారు. మరొకరు ఆగిపోయిన సాంచాలను నడిపిస్తారు. వీరి దగ్గరున్న సరుకు తెలివి మాత్రమే. బియ్యం చూపించినా సంచిలోనే ఉంటాయి. తెలివి మాత్రం ఒకసారి నోరు దాటితే తిరిగి రాదు.

ఒక జుమా నమాజు తర్వాత ఇంటి ప్లాన్లు గీసే యువకుడొకరు నన్ను ఇలా అడిగాడు: "హజ్రత్! ఒకాయన ఇల్లు కడతానని పిలిపించి, జాగా చూపించి, గంటన్నర అన్నీ అడిగాడు. నేను కాగితం మీద గీసి ఇచ్చాను. ఆ కాగితంతోనే వేరే మేస్త్రీతో కట్టించుకున్నాడు. ఇక బేరం కుదరకముందు నోరు విప్పొద్దనుకుంటున్నాను. అట్లా దాచిపెడితే గునా అవుతుందా?"

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే, ముందుగా మనకు తెలిసిన విషయాన్ని రెండు భాగాలుగా విడదీయాలి. ఒకటి, ఎదుటివారిని నష్టం నుంచి కాపాడే మాట. రెండు, మన శ్రమతో చేసిపెట్టే పని. ఈ రెండింటి ఆదేశాలు వేర్వేరు.

నష్టాన్ని దాచరాదు

సలహా అడగబడిన వ్యక్తి అమానత్‌దారుడని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు పెళ్లి సంబంధాల గురించి అడిగినప్పుడు, ఆ ఇద్దరిలోనూ ఉన్న ఇబ్బందిని ఆయన (స) దాచకుండా చెప్పారు. మరోసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఆ తడి గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీసి, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ రెండు సంఘటనలూ సహీహ్ ముస్లింలో ఉన్నాయి.

దీన్ని మన ఊళ్లకు అన్వయించుకుందాం. కోరుట్లలో ఒక పేద తండ్రి కొడుకును గల్ఫ్ పంపడానికి వీసా కాగితం తెచ్చి చూపించాడు. అది విజిట్ వీసా. దానిపై వెళ్లి పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. మన దేశంలోనూ 1983 నాటి వలస చట్టం ప్రకారం, రిజిస్టరైన ఏజెంట్లు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి ఇమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఇవన్నీ తెలిసిన సలహాదారుడు "ముందు ఫీజు కట్టు, తర్వాత చెబుతా" అని మౌనం వహిస్తే, ఆ ఇంటి అప్పుల పాపంలో అతనికీ భాగం ఉంటుంది. 2018లో, 2024లో యూఏఈ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు సరైన కాగితాలు లేక చిక్కుకున్నవారు ఎందరో బయటపడ్డారు. ముందే ఒక్క మాట చెప్పేవారుంటే వారిలో ఎందరి బతుకులు నిలబడేవో ఆలోచించండి.

అలాగే జగిత్యాలలో చూపించిన జాగా చెరువు శిఖం భూమిలా కనిపిస్తే, ప్లాను బేరం పోయినా సరే ఆ మాట చెప్పాలి. సిరిసిల్లలో సాంచా దగ్గర కరెంటు తీగ తేలి ఉంటే, కూలి మాట్లాడకముందే చెప్పాలి. సిమెంటు దుకాణం నుంచి కమీషన్ తీసుకుంటూ అదే దుకాణానికి పంపుతుంటే, ఆ కమీషన్ సంగతీ చెప్పాలి.

పనితనాన్ని ఆపుకోవచ్చు

ఇక రెండో భాగం. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. సహాబాల బృందం ఒకటి ప్రయాణంలో ఒక తెగ దగ్గర ఆగింది. ఆ తెగవారు ఆతిథ్యం ఇవ్వలేదు. అంతలో వారి నాయకుణ్ణి విషప్పురుగు కుట్టింది. మంత్రించేవారున్నారా అని వచ్చి అడిగారు. ప్రతిఫలం ఖరారు చేస్తేనే చేస్తామన్నారు సహాబాలు. గొర్రెల మంద ఇవ్వడానికి ఒప్పందం కుదిరాకే ఫాతిహా సూరా చదివి ఊదారు. అతను కోలుకున్నాడు. దైవప్రవక్త (స) ఈ సంగతి విని ఆక్షేపించలేదు. పైగా తనకూ ఒక వాటా ఉంచమన్నారు.

గమనించండి! ఒప్పందానికి ముందు తాము చేయగలమని చెప్పారు, ప్రతిఫలం చెప్పారు. పని మాత్రం ఒప్పందం తర్వాతే చేశారు. కాబట్టి సిరిసిల్ల మెకానిక్ "ఇది బాగవుతుంది, ఇంత ఖర్చవుతుంది, రెండు రోజులు పడుతుంది" అని చెబితే చాలు. ఏ భాగాన్ని ఎలా మార్చాలో విప్పి చెప్పనవసరం లేదు. ప్లాన్లు గీసేవారు గతంలో గీసిన ఇళ్లను చూపించవచ్చు. ఈ జాగాకు కొత్త ప్లాను ఒప్పందం తర్వాతే ఇవ్వవచ్చు. అడిగిన జ్ఞానాన్ని దాచేవారిపై వచ్చిన హెచ్చరిక తప్పనిసరి ధార్మిక జ్ఞానం గురించినదని ఉలమాలు వివరించారు. వృత్తి నైపుణ్యానికి కూలి అడగడం దాని కిందికి రాదు.

చూడటానికే సమయం పడుతుందంటే, చూసినందుకు ఇంత అని మొదటే చెప్పండి. అదే ఒక చిన్న ఇజారా అవుతుంది. పనీ, కూలీ రెండూ ముందే తెలిసి ఉండాలన్నది ఇజారా షరతు. మద్‌యన్ పెద్దాయన కూడా హజ్రత్ మూసా (అలై)కు ఎన్నేళ్లు పని చేయాలో ముందే చెప్పారని ఖసస్ సూరా తెలుపుతోంది. మాట కుదిరాక కాగితం మీద రాసుకుంటే తగాదాలు రావు.

అడిగేవారి బాధ్యత

తప్పు ఒకవైపే ఉండదు. పని ఇచ్చే ఉద్దేశం లేకుండానే ఆశపెట్టి, ప్లాను గీయించుకుని, మరొకరికి ఇచ్చేయడం మోసం. కర్తృత్వం, ఆవిష్కరణ వంటి హక్కులను షరీఅత్ కాపాడుతుందని, వాటిని కాజేయరాదని 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం గీసిన ప్లానును కాపాడుతుంది. నోటితో చెప్పిన ఆలోచనను కాపాడదు. చట్టం పట్టుకోలేని చోట కూడా అల్లాహ్ చూస్తూనే ఉంటాడు. నలుగురిని ధరలు అడగడంలో తప్పులేదు. ఒకరి కష్టాన్ని మరొకరి చేతిలో పెట్టడం తప్పు.

ఆ యువకుడికి నేను చెప్పిన జవాబు ఇదే: "బేటా! నోరు పూర్తిగా మూసుకోవద్దు. ఆయనకు నష్టమయ్యేది ఉంటే ఉచితంగా చెప్పు. నీ పనికి కూలి ముందే తేల్చుకో. ఈ మాట చెబితే బేరం పోతుందేమోనని దాచాలనిపిస్తే, అదే ముందుగా చెప్పాల్సిన మాట అని గుర్తుపెట్టుకో. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్."

అల్లాహ్ మన నాలుకల్లో సత్యాన్ని, మన సంపాదనలో బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.