పాప అమెరికన్ స్టడీస్ అంటే బెంగెందుకే చెల్లీ!

"అమెరికాలోనే పుట్టి, అమెరికాలోనే పెరిగి, మళ్ళీ అమెరికా గురించి చదవడమేంటక్కా? పైగా దానికి అంత ఫీజు!" అన్నావు కదే నిన్న. మీ ఆయన మాట కూడా అదేనన్నావు. మన పెళ్ళిళ్ళలోనో, అక్కడి తెలుగువాళ్ళ విందుల్లోనో పాప చదువు సంగతి వస్తే నలుగురూ అనబోయేదీ అదే. నాకు మాత్రం ఆ పిల్ల మంచి దారే పట్టిందనిపిస్తోంది. ఎందుకో తీరిగ్గా చెబుతాను, విను.

ముందు ఆ చదువేమిటో చెప్పనీ. కాలేజీలో చరిత్ర ఒక గదిలో, సాహిత్యం ఇంకో గదిలో, చట్టం, ఆర్థికం మరెక్కడో చెబుతారు. మనుషుల బతుకేమో అలా గదులుగా విడిపోయి ఉండదు. ఈ సంగతి పట్టుకునే 1930లలో హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల కొందరు ప్రొఫెసర్లు అన్నిటినీ కలిపి చదివే దారి వేశారు. హార్వర్డ్‌లో ఈ చదువుకి 1940లో మొదటి డాక్టరేట్ అందుకున్న హెన్రీ నాష్ స్మిత్, అమెరికా పడమటి నేలల గురించి జనం అల్లుకున్న ఊహల మీద 1950లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది వీళ్ళకంటూ ఒక సంఘమే ఏర్పడింది. అరవైల తర్వాత నల్లవాళ్ళూ, ఆడవాళ్ళూ, అక్కడి ఆదివాసులూ, వలస వచ్చినవాళ్ళూ "మీరు చదువుతున్నది ఎవరి అమెరికా?" అని నిలదీశారు. అప్పటినుంచే ఈ చదువుకి అసలు బలం వచ్చిందని నా నమ్మకం.

మనకేం కొత్త కాదులే ఇది. 1964లో మన ఉస్మానియా క్యాంపస్‌లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. దేశం నలుమూలల నుంచీ లెక్చరర్లు వచ్చి, రోజుల తరబడి ఉండి, అక్కడి లైబ్రరీలో చదువుకుని వెళ్ళేవాళ్ళు.

ఆ క్లాసులో ఏం చేస్తారన్నావు. మీరుండేది నేపర్‌విల్ కాబట్టి మీ చికాగో కథే ఒకటి చెబుతాను. లొరైన్ హాన్స్‌బెరీ అని ఒక నల్లజాతి అమ్మాయి రాసిన 'ఎ రైజిన్ ఇన్ ద సన్' అనే నాటకం 1959లో బ్రాడ్‌వేలో ఆడింది. అక్కడ ఒక నల్లజాతి స్త్రీ రాసిన నాటకం ఆడటం అదే మొదటిసారి. చికాగో సౌత్‌సైడ్‌లో ఇరుకు అపార్ట్‌మెంట్. ఐదుగురు మనుషులు. మనవడి పడక హాల్లో సోఫా మీద, బాత్రూమ్ పక్కవాటాతో ఉమ్మడి. చనిపోయిన ఇంటి పెద్ద పేరు మీద పదివేల డాలర్ల ఇన్సూరెన్స్ చెక్కు రాబోతోంది. కొడుక్కి వ్యాపారం పెట్టాలని ఉంది, కూతురికి డాక్టర్ చదవాలని ఉంది. మన ఇళ్ళల్లో గొడవే కదే! పెద్దావిడ లీనా ఎవరికీ చెప్పకుండా కొంత డబ్బు బయానా కట్టి, తెల్లవాళ్ళుండే పేటలో ఇల్లు కొనేస్తుంది. అప్పుడొస్తాడు లిండ్నర్ అనే పెద్దమనిషి. అరవడు, బెదిరించడు. ఆ పేట సంఘం తరఫున వచ్చి, మీరు అక్కడికి రాకుండా ఉంటే మీకు ఎక్కువ డబ్బే ఇస్తామంటాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

సాహిత్యం క్లాసు ఇక్కడితో ఆగుతుంది. పాప చదవబోయే క్లాసు ఇక్కడ మొదలవుతుంది. లొరైన్ ఇదంతా గాల్లోంచి తీసి రాయలేదు. 1937లో వాళ్ళ నాన్న కార్ల్ హాన్స్‌బెరీ అలాంటి పేటలోనే ఇల్లు కొన్నాడు. అప్పుడామెకి ఏడేళ్ళు. మూక వచ్చి ఇంటి మీద రాళ్ళు విసిరింది, ఒక పెద్ద పెళ్ళ ఈ పిల్లకి తగలబోయి తప్పింది. రాత్రుళ్ళు వాళ్ళమ్మ తుపాకీ పట్టుకుని ఇంట్లో కాపలా తిరిగేదట. ఆ పేటవాళ్ళు నల్లవాళ్ళకి ఇళ్ళు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని కాగితాలు రాసుకుని ఉన్నారు. ఇలినాయ్ కోర్టు ఖాళీ చెయ్యమంది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 1940లో హాన్స్‌బెరీ గెలిచాడు. గెలిచిందీ ఒక సాంకేతిక కారణం మీదే. ఆ కాగితాల జోలికి కోర్టు పోలేదు. వాటిని కోర్టుల ద్వారా అమలు చెయ్యడం చెల్లదని తేల్చడానికి 1948 రావలసి వచ్చింది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షని నిషేధిస్తూ చట్టం చెయ్యడానికి 1968.

ఇంకా ఉంది. సౌత్‌సైడ్ అంత ఇరుకైపోయిందెందుకు? 1910 నుంచి 1970 లోపు దక్షిణాది నుంచి దాదాపు 60 లక్షలమంది నల్లవాళ్ళు ఉత్తరానికీ పడమటికీ తరలిపోయారు. చికాగో వచ్చినవాళ్ళని కొన్ని పేటల్లోనే కుక్కారు. మిసిసిపీ పొలాల నుంచి 1943లో ఆ ఊరు చేరిన మడ్డీ వాటర్స్ అనే గాయకుడు గిటారుకి కరెంటు తగిలించి పాడిన పాటలు కూడా ఆ వలసలోవే. ప్రభుత్వ సంస్థ ఒకటి 1930లలో నగరాలకి మ్యాపులు గీయించి, నల్లవాళ్ళున్న పేటలకి ఎర్ర రంగు వేసింది. ఎరుపు పడిన చోట ఇంటికి అప్పు పుట్టడం గగనం. ఇల్లే మధ్యతరగతి మనిషి ఆస్తి. తాత ఇల్లు కొనుక్కోలేకపోతే మనవడి చేతికి ఏమొస్తుంది చెప్పు?

ఇప్పుడు నీ సంగతికొద్దాం. మీరు ఇల్లు కొనేటప్పుడు మొట్టమొదట చూసింది స్కూల్ రేటింగ్. అవునా? అక్కడ స్కూళ్ళకి డబ్బు చాలావరకు ఆ ఊరి ఇళ్ళ మీద పన్నుల్లోంచే వస్తుంది. ఇళ్ళ ధర ఎక్కువున్నచోట స్కూళ్ళు బాగుంటాయి. ఏ ఇళ్ళ ధర పెరిగిందో, ఏ పేటలు ఎండిపోయాయో ఆ ఎర్ర మ్యాపు చూస్తే చాలా అర్థమవుతుంది. మనవాళ్ళు విందుల్లో "అటువైపు వెళ్ళకండి, ఏరియా మంచిది కాదు" అనేస్తారు. ఎందుకలా అయిందని ఒక్కరూ అడగరు. నీ కూతురు అడుగుతోందే! అది చూసి నువ్వు గర్వపడాలి.

మన కథా అందులోదే. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, పౌరసత్వం అడిగితే 'నువ్వు తెల్లవాడివి కావు' అని సుప్రీంకోర్టు కాదంది. 1946లో మనవాళ్ళకి తలుపు తెరిచారు, ఏడాదికి నూరుమందికి! దేశాలవారీ పాత కోటాలు పోయి డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్ళే దారి 1965 చట్టంతో ఏర్పడింది. పౌరహక్కుల చట్టం 1964లో, ఓటుహక్కు చట్టం 1965లో వచ్చాయి. నల్లవాళ్ళు రోడ్లెక్కి, జైళ్ళకెళ్ళి, ప్రాణాలిచ్చి మార్చిన గాలి అది. ఆ గాలిలోనే మన దారీ తెరుచుకుంది. ఈ ఋణం మన పిల్లలకి తెలియాలని గట్టిగా కోరుకుంటాను నేను. ఇది చదివిన పిల్ల రేపు హైదరాబాద్ వచ్చి, అద్దె ఇంటికోసం వెళ్ళినవాళ్ళని "మీరేవిట్లు?" అని అడగడం విన్నా ఊరుకోదు.

ఉద్యోగం మాట. ఈ చదువు తర్వాత లా స్కూల్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. జర్నలిజం, మ్యూజియాలు, టీచింగ్, ప్రభుత్వ విధానాల పని చేసేవాళ్ళున్నారు. జీతం మొదట్లో కంప్యూటర్లవాళ్ళంత ఉండకపోవచ్చు. కావాలంటే ఎకనామిక్సో, స్టాటిస్టిక్సో కలిపి రెండు మేజర్లు చేయమను, చాలా కాలేజీల్లో కుదురుతుంది. పాప అక్కడే పుట్టింది కాబట్టి వీసా బెంగ లేదు. మా ఆడపడుచు కొడుకులా ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళయితే నేనూ ఆలోచించమనేదాన్ని. చదువయ్యాక వాళ్ళకి ఉద్యోగం చేసుకునే అనుమతి, ఓపీటీ, పన్నెండు నెలలే, స్టెమ్ చదువులవాళ్ళకి దొరికే మరో ఇరవైనాలుగు నెలలు ఈ మేజర్‌కి రావు. ఆ తేడా వాళ్ళు తెలుసుకునే దిగాలి.

సరే, ఒక పని చెయ్యి. ఆ నాటకాన్ని 1961లో సిడ్నీ పోయ్‌టియర్‌తో సినిమా తీశారు. ఈ ఆదివారం మీ ముగ్గురూ కలిసి చూడండి, మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టు. హాన్స్‌బెరీ వాళ్ళ ఇల్లు సౌత్ రోడ్స్ ఎవెన్యూలో ఉంది, 2010లో చికాగో నగరం దాన్ని ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించింది. పాపనే డ్రైవ్ చెయ్యమను. బయటినుంచే చూసి, దారిలో ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు ఫోన్ చేసి చెప్పు.